వీపు మీది జిప్పు

డ్రైసూట్ జిప్పు వీపు మీద ఉంటుంది,
ఈ భుజం నుంచి ఆ భుజం దాకా.
కుట్టినవాడెవడో గానీ
ఒంటరివాణ్ణి తలుచుకుని కుట్టలేదు.

టార్క్విల్ చెవిపొర చిల్లుపడి
డాక్టరు నీళ్ళొద్దన్న నాటి నుంచీ
నా సూటు గరాజులో తలకిందులుగా వేలాడింది,
కాకులు కూడా లెక్కచేయని దిష్టిబొమ్మలా.

సిలిండర్లలో గాలి నింపే కొట్టులో
వెనకగోడకి ఒక అట్టబోర్డు.
అమ్మకానికి పాత ఫిన్లు, తప్పిపోయిన పిల్లి,
వాటి కింద వంకర చేతిరాత:
"మంగళవారం సాయంత్రాలు. నెమ్మదిగా ఈదుతాను.
పీతల్ని పట్టను. టీ నాది.
ఇసోబెల్ మెక్‌ఫీ."

ఫోనులో నా అనుభవం అడగలేదు.
"దారి రాసుకో" అంది.
"రెండో బస్ షెల్టర్ దాటాక గోడ కూలి ఉంటుంది.
నాలుగు కార్లకి జాగా, మూడే పెట్టాలి,
నాలుగోది గొర్రెలాయన ట్రాక్టరుది.
తాడు కింద నుంచి వంగి రా.
ఆటు మీద రాకు, పాచిరాళ్ళు, నడుం విరుగుతుంది.
పోటు నిలబడే అరగంటే మనది."

లాఖ్ అంటారు స్కాట్లాండులో,
సముద్రం కొండల సందుల్లోకి జాపిన చేతిని.
ఆ చేతి మీద పుట్టుమచ్చంత రేవు, ఏ పటంలోనూ లేదు.
మునిగేవాళ్ళ నోళ్ళలో మాత్రం దాని పేరు టీచరమ్మ మెట్లు.
టీచరమ్మ ఎవరో, మెట్లెప్పుడు కొట్టుకుపోయాయో
అడిగితే అందరూ భుజాలెగరేస్తారు.

మార్చి వాన, సన్నగా, అడ్డంగా.
ఇసోబెల్ బడిలో వంటచేసి రిటైరైన మనిషి.
పలకరింపులేం లేవు. "తిరుగు" అంది.
జిప్పుకి మైనం రాసి ఒక్క గుంజుతో లాగింది.
తర్వాత తను తిరిగింది.
ముక్కూ మొహం తెలీనివాడికి
తన వీపప్పగించి
కొండకేసి చూస్తూ నిలబడింది.
ఇత్తడి పళ్ళు ఒక్కొక్కటీ తడిమి చూసుకున్నాను.

నీళ్ళు ఆరు డిగ్రీలు.
ముందు నుదురు పగిలిపోతుంది,
తర్వాత పెదవులు ఎవరివో అవుతాయి.
ఇరవై మీటర్ల దగ్గర
లోకమంటే టార్చి వెలుగు, అంతే.
బురదలో ఒక టైరు.
టైరులో చుట్టుకుని, ఇంటాయనలా చూసే ఈల్ చేప.
పక్కన, మధ్యలో ఆగిపోయిన చిచ్చుబుడ్డిలా
తెల్లటి ఎనిమోన్.
ఇసోబెల్ వెలుగుతో సున్నా చుట్టింది: బాగున్నావా?
నేనూ సున్నా చుట్టాను.

రెండోసారి చుట్టలేకపోయాను.
రెగ్యులేటర్ గొంతులో మంచు పట్టి
గాలి పగిలిన కొళాయిలా హోరుమంది.
బుడగలు, బుడగల గోడ.
కళ్ళు ఎడమవైపు వెతికాయి, అలవాటుగా, టార్క్విల్ కోసం.
చెయ్యి కుడివైపు నుంచి వచ్చింది.
పసుపుపచ్చ గొట్టం నోటికందించి,
నా వాల్వు కట్టేసి,
భుజం పట్టీ పిడికిట బిగించి
అద్దంలోంచి నా కళ్ళల్లోకి చూస్తూ
తను పీల్చింది, వదిలింది,
పీల్చింది, వదిలింది,
పసివాడికి అన్నం తినిపిస్తూ
తనూ నోరు తెరిచే తల్లిలా.
ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాం.
మా మధ్య నుంచి ఒక జెల్లీఫిష్ వెళ్ళింది, తొందరేం లేనట్టు.

ఒడ్డున వేళ్ళు కొయ్యముక్కలు.
ఫ్లాస్కు మూత ఆమెకీ రాలేదు, నాకూ రాలేదు.
ట్రాక్టరాయన దిగొచ్చి తీసిపెట్టాడు.
"అంత చలిలో ఏముంది తల్లీ అక్కడ?"
"టైరు" అంది ఇసోబెల్.

ఆమె జిప్పు నేను తీశాను.
నాది తీయించుకోవడం మరిచాను, ఇంకా వణుకుతున్నానేమో.
ఇరవై మైళ్ళు సూటుతోనే బండి నడిపి
టార్క్విల్ తలుపు కొట్టాను.
కిందనుంచి పైదాకా చూశాడు.
"తిరుగు" అన్నాడు.

ఎవరితో వెళ్ళావని అడగలేదు.
జిప్పు పళ్ళలో ఇరుక్కున్న నాచుపోగు
గోటితో లాగి,
వాసన చూసి,
జేబులో వేసుకున్నాడు.